అద్దం పైన టీవీ

దూరాన కొలువు చేస్తున్న మా ఇంటి దొరసానికి, నీ మొగుడు రాస్తున్నది.

ఇక్కడ ముగ్గురం క్షేమం, అక్కడ నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తున్నాం. ఈ మాట లేకపోతే ఉత్తరం ఉత్తరంలా ఉండదు కాబట్టి ముందే రాసేశాను. ఇందులో నిజం ఎంతో చివరికి వచ్చేసరికి నువ్వే తేల్చుకుందువు గాని.

ఇంట్లో ఫోన్ పెట్టుకుని ఈ ఉత్తరాల గోలేమిటని పోయినసారి దెప్పావు. ఫోన్ ఎక్కడుందో నీకు తెలియనిది కాదు. అది ఇంట్లో లేదు, సెలూన్లో గల్లాపెట్టె పక్కన ఉంది. నువ్వు చేస్తే మామయ్య తీస్తారు. మొహానికి నురుగు పట్టించుకున్నవాడు చెవులు రిక్కిస్తాడు, బెంచీ మీద వంతు కోసం కూర్చున్నవాళ్ళు పేపర్లు కిందికి దించుతారు. అంత నిండు సభలో పెళ్ళాంతో నేను మాట్లాడగలిగేది "ఆఁ", "ఊఁ", "బాగానే ఉంది" అనే మూడు ముక్కలే. ఇవాళ షాపుకి సెలవు. మామయ్య పక్క గదిలో కునుకు తీస్తున్నారు. బుజ్జిది బల్లకి అటువైపు కూర్చుని బొమ్మలు వేసుకుంటోంది. ఇటువైపు నేను రాసుకుంటున్నాను.

నీ ప్రశ్నలకి జవాబులు. బుజ్జిదాని దగ్గు తగ్గింది. ముందు పన్ను ఊడింది, నీకు చూపించాలని అగ్గిపెట్టెలో దాచింది. నా మెడనొప్పి ఎలా ఉందన్నావు. అది నాతో కాపురం పెట్టింది, ఇప్పట్లో పోయేలా లేదు. నువ్వు పంపిన బుడగల పొట్లం అప్పుడే ఎలా అయిపోయిందని అడిగావు. తాతయ్య తీసేసుకుంటున్నాడని అది నీకు ఫోన్లో చాడీలు చెప్పిందట కదా. నిజమే, తీసుకుంటున్నారు. ఆ సంగతి తర్వాత రాస్తాను.

ఇక మీ హోటల్లో మగవాళ్ళ సెలూన్లో నా కోసం అట్టిపెట్టించిన కుర్చీ. నువ్వు ఆడవాళ్ళ వైపు పనిచేస్తావు, నేను ఇటువైపు, మధ్యలో ఒక్క గోడ, బుజ్జిదానికి దగ్గర్లోనే బడి. మేనేజరు నెలాఖరులోగా జవాబు చెప్పమంటున్నాడని రాశావు. దానికి జవాబు కూడా ఈ ఉత్తరంలోనే ఉంది. ముందుకు దూకి చదవకు. నువ్వు చివరి పేజీ ముందు చదివే మనిషివని నాకు తెలుసు.

నువ్వు కింద గీత గీసి మరీ అడిగిన ప్రశ్న ఇంకోటుంది. "నాన్న ఫోన్ చేసినప్పుడల్లా టీవీ గొడవే. కొందామంటే అల్లుడు ఆగమంటున్నాడు, నువ్వేమంటావమ్మా అని నన్ను అడుగుతున్నారు. అసలు మీరు ఆయనకి ఏం నూరిపోస్తున్నారు?" అన్నావు. నేను ఏం నూరిపోశానో, అది నాకే ఎలా ఎదురు తిరిగిందో చెప్తాను విను.

నువ్వు వెళ్ళాక మన ఎదురుగా గాజు తలుపుల సెలూన్ ఒకటి వెలిసింది. వాళ్ళు వచ్చీ రాగానే గోడకి పల్చటి హెచ్‌డీ టీవీ తగిలించారు. మనదేమో తలుపు పైన ఇనప స్టాండు మీద కూర్చున్న డబ్బా టీవీ. కుర్చీలో కూర్చున్నవాడికి అది వీపు వెనక పడుతుంది. వాడు ఎదుటి అద్దంలోంచే చూడాలి, వాడి వెనక నిలబడి కత్తిరించే మనమూ అద్దంలోంచే చూడాలి. అక్షరాలన్నీ తిరగబడి కనిపిస్తాయి. మామయ్యకి ఎన్నేళ్ళుగానో అదే అలవాటై, తిరగబడ్డ స్కోరు ఆయన చదివినంత వేగంగా నేను మామూలు స్కోరు చదవలేను.

పాత కస్టమర్లు కొందరు ఆ గాజు తలుపుల్లోకి జారుకున్నారు. అప్పటి నుంచి మామయ్యకి ఒకటే ధ్యాస, మనమూ ఇప్పుడే కొందామా, కొంతకాలం ఆగుదామా అని. కనబడ్డవాళ్ళందరినీ అడిగారు. టీవీ షాపులో సేల్స్‌మన్ "ఆలోచించకండి, ఇవాళే పట్టుకెళ్ళండి" అన్నాడు. వాడు అనక ఇంకెవరంటారు. కేబులాయన మాత్రం ఉన్నమాట చెప్పాడు. "టీవీ ఒక్కటీ కొంటే చాలదండీ, బాక్సు కూడా వేరే పెట్టాలి. హెచ్‌డీలో వచ్చే ఛానళ్ళు ఇప్పటికి రెండే. మిగతావాటికి పాత బొమ్మనే అడ్డంగా సాగదీసి చూపిస్తుంది. అందరి మొహాలూ గుమ్మడికాయల్లా ఉంటాయి." పక్క కొట్టు దర్జీ బాబాయ్ తీర్పు వేరు. "ముందు కొనేవాడు తొందరగాడు. ఆగి కొనేవాడు తెలివైనవాడు. అసలు కొనకుండా మీ బెంచీ మీద కూర్చుని చూసేవాడు అదృష్టవంతుడు" అన్నాడు.

అందరూ అయ్యాక నా వంతు వచ్చింది. నేను ఆగమన్నాను. వచ్చే ఏడాదికి ఛానళ్ళు పెరుగుతాయి, రేటు దిగుతుంది, ఇంతకంటే మంచి రకం వస్తుంది, ఇప్పుడు కొన్నవాళ్ళు అప్పుడు నెత్తి బాదుకుంటారు అన్నాను. ఆయన ఆలస్యం అమృతం విషం అంటే నేను నిదానమే ప్రధానం అన్నాను. సామెతలతో ఇదే సుఖం, ఎవరికి కావలసింది వాళ్ళకి దొరుకుతుంది.

నేను చెప్పినవేవీ అబద్ధాలు కావు. కాని నేను ఆగమన్నది వాటి కోసం కాదు. నెలాఖరు తర్వాత నేను ఈ షాపులో ఉంటానో ఉండనో నాకే తెలియదు. నేను వదిలేసి పోయే షాపుకి ఆయన చేత అంత వస్తువు కొనిపించడానికి మనసు రాలేదు. ఆ మాటే చెప్పెయ్యొచ్చు కదా అంటావా. చెప్పొద్దన్నది నువ్వే. "తేదీ ఖాయమయ్యాక నేనే చెప్పుకుంటాను, అంతవరకు నాన్న దగ్గర నోరు విప్పకండి" అని ఒట్టు వేయించుకున్నావు. నోరు విప్పకుండా ఆయన్ని ఆపాలంటే టీవీల శాస్త్రం చదవక తప్పుతుందా. చదివాను. ఇప్పుడు వీధి వీధంతా నన్ను పండితుణ్ణి చేసి కూర్చోబెట్టారు, ఫ్రిజ్‌ల గురించి కూడా నన్నే అడుగుతున్నారు.

ఆయన ఎంతకీ వినకపోయేసరికి ఒకరోజు పెద్ద అస్త్రమే వేశాను. "మామయ్యా, మన షాపులో అందరూ టీవీని అద్దంలో చూసేవాళ్ళే. అద్దంలో చూస్తే అది ఉన్నదానికంటే ఇంకా దూరం జరిగినట్టే. అంత దూరం నుంచి చూసేవాడికి కొత్తదానికీ పాతదానికీ తేడా ఏం తెలుస్తుంది?" అన్నాను. ఆయన కత్తెర ఆపి ఒకసారి అద్దం వైపు, ఒకసారి తలుపు వైపు చూసి, నిజమేనన్నట్టు తలాడించారు. నెగ్గాననుకున్నాను. రెండు రోజులు పోయాక పొద్దున్నే షట్టరు ఎత్తుతూ, "నువ్వు చెప్పింది నిజమే అల్లుడూ. వెనక పెడితే దండగ. ఎదురు గోడకే పెడదాం, అద్దం పైన" అన్నారు. నా వేలితో నా కన్నే పొడిచారు.

ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు కదా, నాకు ముందు అద్దం వెనక అద్దం. ఆ రెంటి మధ్య నిలబడి సాయంత్రం దాకా నన్ను నేనే చూసుకోవాలి. ఒకడి వెనక ఒకడు, ఎంతమంది నేనులో. అందరికీ అదే నీలం చొక్కా, అందరి చేతిలో అదే దువ్వెన. వాళ్ళలో ఒక్కడైనా తలుపు తీసుకుని బయటికి నడుస్తాడేమోనని ఒక్కోసారి పిచ్చివాడిలా చూస్తాను. ఎవడూ నడవడు. నాకు ఊపిరాడటం లేదు, ఈ మాట నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను. మామయ్య గయ్యాళి మామగారైనా బాగుండేది, ఎప్పుడో పెట్టె సర్దేవాణ్ణి. ఆయన అన్నంలో నెయ్యి ముందు నాకు వేస్తారు. నా మెడకి వేణ్ణీళ్ళ గుడ్డ ఆయనే పిండి ఇస్తారు. అలాంటి మనిషి మీద విసుక్కోవడానికి కూడా వీల్లేదు.

ఆ తర్వాతి సెలవు రోజున నన్ను టీవీ షాపుకి లాక్కెళ్ళారు. గోడ నిండా టీవీలు, అన్నిట్లో ఒకే ఆట. మధ్యలో వార్తల ఛానలు పెడితే మామయ్య గట్టిగా, "ఈయనకి పాపిడి ఇటువైపు ఎవడు తీశాడు?" అన్నారు. షాపులో అందరూ నవ్వారు. ఆ వార్తలు చదివే ఆయన్ని ఇన్నేళ్ళుగా అద్దంలో చూసి చూసి, తిన్నగా చూడగానే పాపిడి తప్పు వైపు ఉన్నట్టు అనిపించింది. నేనూ నవ్వాను. నవ్వడం ఆ రోజుకి అదే ఆఖరు.

ఎందుకో చెప్పాలంటే నీకు చెప్పనని ఆయనకి ఇచ్చిన మాట తప్పాలి. ఇక్కడిదాకా రాసి రెండుసార్లు లేచి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చాను. రాసేస్తున్నాను.

మామయ్య కుడిచెయ్యి వణుకుతోంది.

నువ్వు వెళ్ళిన కొన్నాళ్ళకి మొదలైంది. ముందు టీ గ్లాసు పట్టుకున్నప్పుడు, తర్వాత దువ్వెన పట్టుకున్నప్పుడు. గడ్డాలన్నీ నాకు వదిలేశారు, ఎవరైనా అడిగితే "మా అల్లుడి చెయ్యి తేలిక" అంటారు. ఒకరోజు దర్జీ బాబాయ్ చెవి అంచు కత్తెరకి తెగింది. బాబాయ్ పెద్దమనసున్నవాడు, "ఫరవాలేదులే, ఇంకో చెవి ఉందిగా" అన్నాడు. మామయ్య పటిక ముక్క అద్దుతూ తనూ నవ్వారు. షట్టరు దించాక మాత్రం నా చెయ్యి పట్టుకుని, "దానికి చెప్పకు. అక్కడ దాని చేతికి పని సాగదు" అన్నారు. డాక్టరుకి చూపించాను. మాత్రలు వాడుతున్నారు. నెమ్మదిస్తుందే గాని పోయేది కాదన్నాడు డాక్టరు.

బుజ్జిదాని బుడగలు ఏమవుతున్నాయో ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది. మనిద్దరికీ కత్తి పట్టడం ఆయన నేర్పింది బుడగ మీదే కదా. ఊదిన బుడగకి నురుగు పట్టించి, అది పగలకుండా నురుగంతా కత్తితో తీయాలి. నువ్వు వారం తిరగకుండానే నెగ్గావు. నాకు పగిలినప్పుడల్లా తలుపు చాటున పకపకా నవ్వేదానివి, ఆ నవ్వు కోసమే కొన్ని కావాలని పగలగొట్టాను. ఇప్పుడు మధ్యాహ్నం షాపు మూసిన వేళ మామయ్య ఒంటరిగా ఆ కుర్చీలో కూర్చుని మనవరాలి బుడగల మీద మళ్ళీ మొదటి పాఠం దిద్దుకుంటున్నారు. ఒక్కటీ నిలవడం లేదు.

మళ్ళీ టీవీ షాపుకి వద్దాం. సేల్స్‌మన్ పెద్ద హెచ్‌డీ టీవీ పెట్టాడు. ఆటగాడి మెడ మీద చెమట చుక్క జారడం కూడా తెలుస్తోంది. వచ్చినవాళ్ళందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను. ఆగమని ఊరంతా ఉపన్యాసాలిచ్చిన నేనే కన్ను తిప్పుకోలేకపోయాను. కాసేపటికి మామయ్య పక్కన లేరని తెలిసింది. ఆయన టీవీ పక్కకి వెళ్ళి, మా అందరికీ ఎదురుగా నిలబడి ఉన్నారు. టీవీ వైపు చూడటం లేదు, మా మొహాల వైపు చూస్తున్నారు. కుడిచెయ్యి జేబులోంచి తీసి ముందుకి చాపి పెట్టారు. అది వణుకుతూనే ఉంది. అంతమందిలో ఒక్కరు కూడా దాన్ని చూడలేదు. నేనూ మొదట చూడలేదు.

తిరిగి వచ్చే దారిలో ఆయనే చెప్పారు. "అద్దంలో టీవీ చూసేవాడికి పక్కనే నా చెయ్యి కనబడుతుంది అల్లుడూ. అద్దం పైన పెడితే తల పైకెత్తుతాడు. ఇంత మంచి బొమ్మని వదిలి కిందికి దిగడు."

"ఇంకో ఏడాది ఆగితే ఇంతకంటే మంచిది వస్తుంది మామయ్యా" అన్నాను. ఆ మాట నోటికి అలవాటైపోయింది.

"వస్తుంది. చెయ్యి ఆగాలి కదా" అన్నారు.

ఆ మాట తర్వాత నా శాస్త్రమంతా ఎందుకు పనికొస్తుంది చెప్పు. మర్నాడే టీవీ వచ్చింది, కేబులాయన బాక్సు బిగించాడు, పాత డబ్బా దర్జీ బాబాయ్ ఇంటికి వెళ్ళింది. ఆయన అనుకున్నట్టే జరుగుతోంది. కూర్చున్నవాడు కూర్చున్నట్టే తల పైకెత్తి ఉండిపోతున్నాడు. అటు వెళ్ళినవాళ్ళు కొందరు ఇటు తిరిగి వచ్చారు. మామయ్య వాళ్ళ వెనక నిలబడి నింపాదిగా కత్తిరిస్తున్నారు. చెవుల దగ్గరికి వచ్చేసరికి నన్ను పిలుస్తారు, పనేదో ఉన్నట్టు గల్లాపెట్టె దగ్గరికి వెళ్తారు. ఆయన మొదలుపెట్టిన తల నేను ముగిస్తాను.

నేను నీకు చెప్పలేక చెప్పలేక దాచింది ఇంకొకటి మిగిలింది. టీవీ బిగించిన సాయంత్రం ఆయనకి ధైర్యం చెబుదామనుకున్నాను. "దీని కోసం ఇంత తొందరెందుకు మామయ్యా, గడ్డాలు నేను చేస్తున్నానుగా, చెవుల దగ్గర నేను చూసుకుంటున్నానుగా" అన్నాను.

ఆయన రిమోట్‌ని గుడ్డతో తుడుస్తున్నారు. తల ఎత్తకుండా, "నువ్వెళ్ళాక?" అన్నారు.

నువ్వు చెప్పావేమో అనుకున్నాను. చెప్పలేదట. "ఎవరూ చెప్పక్కర్లేదు. ఎదురుగా పోటీ షాపు పెడితే, ఈ షాపులో ఉండేవాడు కొనమంటాడు. ఆగమనేవాడు వెళ్ళేవాడు. నువ్వు ఆగమన్న రోజే తెలిసింది" అన్నారు. కోపంగా అనలేదు. దగ్గరికి పిలిచి కూర్చోబెట్టి, "వెళ్ళండి. మొగుడూ పెళ్ళాం చెరో చోట ఎన్నాళ్ళుంటారు. గడ్డాలు మానేస్తాను, కత్తెర పని నెమ్మదిగా చేసుకుంటాను. జనం పైకి చూస్తుంటారు, నాకేం భయం లేదు" అన్నారు.

నన్ను కట్టేయడానికి కొంటున్నారని కదా ఇన్నాళ్ళూ మనసులో ఏడ్చాను. ఆయన కొన్నది నన్ను వదిలిపెట్టడానికి. తలుపు ఆయన చేత్తో ఆయనే తీసిపెట్టారు. నేను గడప దాటలేకపోతున్నాను. మొన్నటిదాకా ఎవరికీ తెలియకుండా వెళ్ళిపోగలిగేవాణ్ణేమో. వెళ్ళమన్నాక ఎలా వెళ్తాను?

ఆయన్ని వెంటబెట్టుకుని రమ్మంటావు. అడగలేదనుకుంటున్నావా. "కత్తెర లేని చోట నన్నెక్కడ కూర్చోబెడతారు? వచ్చీపోయేవాళ్ళ తలలు చూస్తూ చెయ్యి ముడుచుకుని ఉండటం నా వల్ల కాదు" అన్నారు. ఇంకా అడిగితే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, రిమోట్ తీసుకుని ఛానలు మార్చారు.

అందుకే మీ మేనేజరుతో ఆ కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చుకోమని చెప్పు. రావాలని లేక కాదు. ఆ మధ్య గోడని నేను ఎన్నిసార్లు ఊహించుకున్నానో నీకు తెలియదు, దాని రంగు కూడా నేనే వేసుకున్నాను. కోపంగా కూడా ఉంది. నీ మీద ఉంది, ఆయన మీద ఉంది. ఆయన రహస్యం నీకు చెప్పకూడదు, నీ రహస్యం ఆయనకి చెప్పకూడదు, కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. తండ్రీకూతుళ్ళు మీరిద్దరూ ఒకరి మీద ఒకరికున్న ప్రేమంతా తెచ్చి నా గొంతులో కుక్కారు. ఒకసారి సెలవు పెట్టి రా. వచ్చి మీ నాన్న ముందు ఆ కుర్చీలో కూర్చో. టీవీ వైపు చూడకు, అద్దంలోకి చూడు. చూశాక నువ్వు ఎలా అంటే అలా. అందాకా నన్ను రమ్మని అడగకు, ఎందుకంటే అడిగితే వచ్చేస్తానేమోనని భయంగా ఉంది.

ఫోన్ చేసినప్పుడు మాత్రం చెయ్యి సంగతి ఎత్తకు. వింటున్నవాళ్ళు ఉంటారు. టీవీ ఎలా ఉంది నాన్నా అని అడుగు. దాని గురించి ఎంతసేపైనా చెప్తారు.

నిన్న మధ్యాహ్నం షాపు మూశాక ఇద్దరం టీవీ పెట్టుకుని చెరో కుర్చీలో కూర్చున్నాం. సముద్రం అడుగున ఏవో చేపలు, పొలుసు పొలుసూ విడివిడిగా తెలుస్తోంది. ఆయన ఒళ్ళో బుడగ ఉంది, దానికి నురుగు పట్టించి ఉంది, చేతిలో కత్తి ఉంది. నేను చేపల వైపే చూస్తున్నాను. కాసేపటికి టప్పుమని పగిలింది. ఇంత నురుగు వచ్చి నా చెంప మీద పడింది. నేను తుడుచుకోలేదు, తల తిప్పలేదు. టీవీ వైపే చూస్తూ, "బొమ్మ చాలా బాగుంది మామయ్యా" అన్నాను.

"బాగుంది కదా" అన్నారు ఆయన.

ఇట్లు,
ఎప్పటికీ నీ మొగుడు,
ప్రస్తుతానికి మీ నాన్నగారి అల్లుడు.